పుచ్చుకునే చేతిదే పెత్తనం

డోపమైన్ పేరు ఎరగని వాళ్లు ఇప్పుడు అరుదు. గంటలకొద్దీ రీల్స్ తిప్పే కొడుకును కసిరే తండ్రి నోట కూడా అదే మాట. దిగులుగా ఉంటే సెరటోనిన్ తగ్గిందంటారు, గుండె దడదడలాడితే అడ్రినలిన్ పెరిగిందంటారు. మనసు లెక్కలన్నీ ఈ నాలుగైదు రసాయనాల పద్దులో రాసేసి చేతులు దులుపుకుంటున్నాం. ఇందులో పత్రికలవాళ్లమూ తక్కువ తినలేదు. ఎంత రసాయనం వెలువడిందన్నదే ఎప్పుడూ వార్త. దాన్ని ఎవరు అందుకున్నారు, అందుకుని ఏం చేశారు అన్న ప్రశ్న మాత్రం ఎక్కడా రాదు.

దానధర్మాల్లో మనవాళ్లు ఇచ్చే చేతినే ఆకాశానికెత్తారు. మెదడులో ఆ మర్యాద చెల్లదు. ఒక నాడీకణం వదిలిన రవంత రసాయనం అవతలి కణాన్ని ఉసిగొల్పాలా, ఊరుకోబెట్టాలా, ఆ క్షణం గడిచాక దాని గుర్తు మిగలాలా వద్దా... ఇవన్నీ తేలేది అందుకునే వైపునే. అక్కడ కణపు పొర లోపలి అంచున వందల రకాల ప్రోటీన్లు ఒత్తుగా చేరి ఉంటాయి. పాఠం తలకెక్కడం, ఫిట్స్ రావడం, కొందరు పిల్లలకు మాట రాకపోవడం, నిన్నటిదాకా ఉద్యోగం చేసుకుంటున్న అమ్మాయి ఉన్నట్టుండి ఎవరూ గుర్తుపట్టలేనట్టు మారిపోవడం... వీటన్నిటి వెనకా ఆ ప్రోటీన్ల ప్రమేయం ఉంది.

రెండు నాడీకణాలు కలిసే చోటును సినాప్స్ అంటారు. కలుస్తాయంటాం గానీ ఒకదాన్నొకటి తాకవు. మధ్యలో సుమారు 20 నానోమీటర్ల సందు. తలవెంట్రుక మందంలో అలాంటి సందులు వేలకు వేలు ఇముడుతాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే ఇచ్చే వైపున రసాయనం నిండిన గుండ్రటి సంచులు కనిపిస్తాయి. అందుకునే వైపున పొర కింద నల్లటి దళసరి చార ఒకటి ఉంటుంది. దాని పేరు పోస్ట్‌సినాప్టిక్ డెన్సిటీ. పరిశోధకుల వాడుకలో పొట్టిగా పీఎస్‌డీ. నిజానికది చార కాదు, బిళ్ల. అడ్డం 300 నుంచి 400 నానోమీటర్లు, మందం 30 నుంచి 60. మన కథంతా ఆ బిళ్లలోనే.

రంగు మరకలన్నారు

1888లో స్పెయిన్ శాస్త్రవేత్త శాంటియాగో రమోన్ ఇ కహాల్ కోడి చిన్నమెదడు ముక్కలకు వెండి లవణంతో రంగు పట్టించి చూశాడు. నాడీకణాల కొమ్మల మీద సన్నటి ముళ్లు కనిపించాయి. అవి ముళ్లు కావు, నీ రంగు సరిగా అంటక పడ్డ మరకలని తోటివాళ్లు కొట్టిపారేశారు. కహాల్ వదల్లేదు. రంగు మార్చి చూశాడు, మళ్లీ ముళ్లే. కబురు అందుకునే చోటు చాలావరకు ఆ ముళ్ల తలలేనని తేలడానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు రావాల్సి వచ్చింది. 1959లో లండన్‌లో జార్జ్ గ్రే మెదడు పైపొరలోని సినాప్స్‌లను రెండు తరగతులుగా విడదీశాడు. మొదటి తరగతిలో అందుకునే వైపు చార దళసరి, రెండోదానిలో పలుచన. మొదటివి ఎక్కువగా అవతలి కణాన్ని ఉసిగొల్పేవని, రెండోవి ఆపేవని తర్వాత తెలిసింది.

చూడటం ఒక ఎత్తు, దాన్ని ఊడదీసి బయటికి తీయడం ఇంకో ఎత్తు. ఇక్కడ ఆ బిళ్ల మొండితనమే పనికొచ్చింది. మెదడును మెత్తగా నూరి, సెంట్రిఫ్యూజ్‌లో గిరగిరా తిప్పి, సినాప్స్‌లున్న వంతు వేరుచేసి, సబ్బు జాతి ద్రావకం పోస్తారు. కణపు పొర కొవ్వుతో అయింది కాబట్టి కరిగిపోతుంది. పీఎస్‌డీ కరగదు, అడుగున మిగులుతుంది. 1970లలో అమెరికా ప్రయోగశాలలు ఎలుక మెదడు నుంచీ, కుక్క మెదడు నుంచీ దీన్ని ఇలాగే రాబట్టాయి.

అలా మిగిలిన మడ్డిలో ఏముందో ఒక్కొక్కటే పేరుపెట్టి చెప్పిన ఘనతలో పెద్ద వాటా కాలిఫోర్నియాలోని క్యాల్‌టెక్‌కు చెందిన మేరీ కెనెడీది. అందులో అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది క్యామ్‌కేటూ అనే ఎంజైమని 1983లో ఆమె బృందం తేల్చింది. 1992లో ఇంకో ప్రోటీన్ దొరికింది, పీఎస్‌డీ-95. దాని అమరికను అప్పటికి తెలిసిన జన్యువులతో పోలిస్తే, మెదడుతో ఏ సంబంధమూ లేనట్టు కనిపించే చోట జత కుదిరింది. అది పండ్ల ఈగలో కణితులు పెరగకుండా ఆపే జన్యువు. అది పాడైన ఈగ పురుగుల్లో రెక్కలూ కాళ్లూ కావాల్సిన కణాలు అదుపు తప్పి గడ్డలు కడతాయి. ఈగ ఒంట్లో కణాల హద్దులు కాసేదీ, ఎలుక మెదడులో కబురు అందుకునే చోట కూర్చున్నదీ ఒకే వంశం!

ఆ వంశం ఇంకా పాతది. నాడీకణమన్నదే లేని సముద్రపు స్పాంజిలో కూడా పీఎస్‌డీ ప్రోటీన్లకు సంబంధించిన జన్యువులు చాలా ఉన్నాయని 2007లో కాలిఫోర్నియా పరిశోధకులు చూపారు. స్పాంజికి ఆలోచన లేదు, జ్ఞాపకం లేదు. సరంజామా మాత్రం ముందే సిద్ధంగా ఉంది.

పీఎస్‌డీ-95 పని పట్టి ఉంచడం. సందులోకి ముఖం పెట్టి రసాయనాన్ని అందుకునే గ్రాహకాల తోకలను అది కింద నుంచి పట్టుకుంటుంది. దాన్ని ఇంకొన్ని ప్రోటీన్లు, వాటిని షాంక్, షాంక్‌ను హోమర్ పట్టుకుంటాయి. చివరికి ముల్లు లోపలి ఆక్టిన్ పోగులదాకా పట్టు సాగుతుంది. ఒక్కో బిళ్లలో పీఎస్‌డీ-95 ప్రతులే సుమారు 300 ఉంటాయని ఒక లెక్క. శస్త్రచికిత్సల్లో తీసిన మనిషి మెదడు ముక్కలను పరీక్షించి సెత్ గ్రాంట్ బృందం 2011లో మొత్తం 1,461 ప్రోటీన్ల జాబితా వేసింది. వాటి జన్యువుల్లో తేడాల వల్ల వచ్చే నాడీ, మానసిక వ్యాధులు 133. జాబితాలు చదివి ఎవరూ ఉత్సాహపడరు గానీ, ఆ రెండో అంకె దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది.

పాఠం ఎక్కడ పడుతుంది?

1973లో వెలువడిన ప్రయోగంలో టిమ్ బ్లిస్, టెర్యే లోమో అనే ఇద్దరు ఓస్లోలో మత్తిచ్చిన కుందేలు మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగానికి వెళ్లే దారిని కాసేపు విద్యుత్తుతో గట్టిగా తట్టి వదిలేశారు. ఆ తర్వాత మామూలుగా తట్టినా జవాబు ముందుకన్నా బలంగా వచ్చింది. అదీ నిమిషాలు కాదు, గంటల తరబడి. ఒకసారి గట్టిగా వాడిన దారి గట్టిపడుతుందన్నమాట. నేర్చుకోవడానికి ఆధారం ఇదేనా అన్న వెతుకులాట అక్కడ మొదలైంది.

జవాబు చాలావరకు ఎన్‌ఎండీఏ గ్రాహకంలో దొరికింది. ఇక్కడ ఇచ్చే వైపు నుంచి వచ్చే రసాయనం గ్లుటమేట్. (అజినమోటోలో ఉన్నదీ గ్లుటమేటే. తిన్నది దాదాపుగా మెదడులోకి పోదు, కంగారు అక్కర్లేదు.) గ్లుటమేట్ తగిలితే ఆంపా అనే ఇంకో రకం గ్రాహకాలు వెంటనే తెరుచుకుంటాయి. ఎన్‌ఎండీఏ తెరుచుకోదు. దాని రంధ్రంలో మెగ్నీషియం అయాన్ అడ్డుపడి ఉంటుందని 1984లో తెలిసింది. గ్లుటమేట్ వచ్చిన సమయానికే అందుకునే కణం కూడా ఉత్తేజంలో ఉంటేనే ఆ అడ్డు తొలగి కాల్షియం లోపలికి వస్తుంది. ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ ఒకేసారి జరిగాయన్న సాక్ష్యం కోరే గ్రాహకం ఇది.

లోపలికొచ్చిన కాల్షియం కోసం కాచుకున్నదే క్యామ్‌కేటూ. పన్నెండు ముక్కల ఎంజైమ్ అది. కాల్షియం తగలగానే మేలుకుని, ఒక ముక్క పక్క ముక్కకు ఫాస్ఫేట్ అంటిస్తుంది. అంటుకున్నాక ఇక కాల్షియం వెళ్లిపోయినా మెలకువ పోదు. ఈ ఫాస్ఫేట్ వచ్చేది ఏటీపీ అనే అణువు నుంచి. ఏటీపీ అనగానే మనవాళ్లు ఒకాయన్ని తలుచుకోవాలి. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి దాన్ని కండరంలో గుర్తించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా గుర్తించాడు. ఫాస్ఫరస్‌ను కొలవడానికి 1925లో ఫిస్క్, సుబ్బారావు కనిపెట్టిన పద్ధతి ఈనాటికీ వాళ్లిద్దరి పేరుతోనే చలామణీలో ఉంది. జ్ఞాపకాల మీద పనిచేసేవాళ్లు ఫాస్ఫేట్ లెక్క కట్టకుండా ఒక్క అడుగు వేయలేరు.

ఈ ఎంజైమ్ లేకపోతే ఏమవుతుంది? దానికి ఓ పరీక్ష ఉంది. గుండ్రటి తొట్టిలో నీళ్లు పోసి, అడుగు కనిపించకుండా తెల్లగా చేస్తారు. నీటిమట్టానికి కాస్త కింద, ఒక చోట చిన్న దిమ్మె దాచిపెడతారు. ఎలుకను వదిలితే ఈదుతూ ఈదుతూ ఎప్పటికో దిమ్మె తగిలి ఎక్కి నిలబడుతుంది. నాలుగైదు రోజులు ఇలా చేశాక గోడ మీది గుర్తులు చూసుకుంటూ తిన్నగా అక్కడికే పోతుంది. ఎన్‌ఎండీఏను అడ్డుకునే మందు ఇస్తే ఆ నేర్పు రాదని 1986లో రిచర్డ్ మోరిస్ బృందం చూపింది. 1992లో క్యామ్‌కేటూ ఒక రకం జన్యువు తీసేసిన ఎలుకలూ అలాగే తడబడ్డాయి. 1998 నాటి ప్రయోగం ఇంకా నిక్కచ్చిది. జన్యువు మొత్తం తీయలేదు. ఫాస్ఫేట్ అంటుకునే ఒకే ఒక్క అమైనో ఆమ్లాన్ని, వరుసలో 286వదాన్ని, మార్చారు. ఎంజైమ్ ఉంది, కాల్షియం వస్తే పనీ చేస్తుంది. కాల్షియం పోయాక మెలకువ నిలవదు, అంతే తేడా. ఆ ఎలుకలు తొట్టిలో దిమ్మె చోటు నేర్చుకోలేకపోయాయి.

డీఎన్ఏ నిర్మాణం చెప్పిన ఫ్రాన్సిస్ క్రిక్ 1984లో ఓ చిక్కుప్రశ్న వేశాడు. మెదడులో ప్రోటీన్లు కొన్ని రోజులకో, నెలలకో అరిగిపోయి కొత్తవి వస్తుంటాయి. మరి చిన్నప్పటి సంగతులు అరవై ఏళ్లు ఎలా నిలుస్తాయి? ఆయనే ఒక దారీ చూపాడు: గుర్తు ఒక అణువులో కాక అణువుల జట్టులో ఉంటే, ఒకటి పోయి కొత్తది చేరగానే పాతవి తమ గుర్తును దానికి అంటించవచ్చు. మన తాళపత్ర గ్రంథాలు నిలిచింది ఇలాగే కదా. ఆకు చివికిపోకముందే ఎవరో ఒకరు కొత్త ఆకు మీదికి ఎత్తి రాశారు. క్యామ్‌కేటూలో మేలుకున్న ముక్కలు ఒక జట్టు నుంచి ఇంకో జట్టుకు మారి, నిద్రపోతున్నవాటిని మేల్కొలుపుతాయని 2014లో జాన్ కురియన్ బృందం చూపింది. మారడం లేదు, పక్క జట్టును తాకి ఫాస్ఫేట్ అంటిస్తున్నాయంతే అని తర్వాత ఇంకొకరు వాదించారు. తగవు తేలలేదు. పీఎస్‌డీ-95 ఆయువు కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. ఎలుక మెదడులో కొన్ని సినాప్స్‌లలో అది గంటల్లో మారిపోతుంది, కొన్నిటిలో నెలల తరబడి ఉంటుంది, వయసు మళ్లేకొద్దీ ఇంకా నెమ్మదిస్తుందని గ్రాంట్ బృందమే 2022లో లెక్క తేల్చింది. ముసలితనంలో కొత్తవి ఎక్కకపోవడానికీ పాతవి వదలకపోవడానికీ దీనికీ లంకె ఉందేమోనని నాకో అనుమానం. అనుమానమే, రుజువు కాదు.

గడియారం బొమ్మ

2009లో సుసానా కహలన్‌కు 24 ఏళ్లు. న్యూయార్క్ పోస్ట్ పత్రికలో విలేకరి. మొదట లేనిపోని అనుమానాలు, నిద్ర పట్టకపోవడం, తర్వాత ఫిట్స్, భ్రమలు. చివరికి మాట కూడా తడబడింది. స్కానింగుల్లో ఏమీ తేలలేదు. తాగుడు వల్ల అన్నారు, మనోవ్యాధి అన్నారు. సౌహెల్ నజ్జార్ అనే న్యూరాలజిస్టు ఆమె చేతికి కాగితం ఇచ్చి గడియారం గీయమన్నాడు. వలయం బాగానే గీసింది. అంకెలు మాత్రం పన్నెండూ కుడి సగంలోనే కుక్కింది, ఎడమ సగం ఖాళీ. మెదడు కుడి భాగంలో వాపు ఉందని ఆ బొమ్మే పట్టిచ్చింది.

రోగం పేరు యాంటీ ఎన్‌ఎండీఏ రిసెప్టర్ ఎన్‌కెఫలైటిస్. దాన్ని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జోసెప్ డాల్మావ్ గుర్తించి అప్పటికి రెండేళ్లే, 2007లో. మొదట వర్ణించిన పన్నెండుమందీ స్త్రీలే. అండాశయంలోనో మరోచోటో టెరటోమా అనే గడ్డ. ఆ గడ్డలో వెంట్రుకలు, పళ్లు పెరగడం వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. నాడీకణజాలం కూడా ఉంటుంది, దాని మీద ఎన్‌ఎండీఏ గ్రాహకాలూ ఉంటాయి. గడ్డ మీద యుద్ధానికి ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలు మెదడులోని గ్రాహకాలనూ పట్టుకుంటాయి. పట్టుకుని చంపవు. రెండేసి గ్రాహకాలను జతకట్టి పొర మీంచి కణం లోపలికి లాక్కుపోయేలా చేస్తాయి. ఇచ్చే వైపు ఇస్తూనే ఉంటుంది, పుచ్చుకునే చెయ్యే ఉండదు. గడ్డ లేనివాళ్లకూ, పిల్లలకూ, మగవాళ్లకూ ఇది వస్తుంది. కహలన్‌కు గడ్డ లేదు.

వయసులో ఉన్న పిల్ల ఒక్కసారిగా కేకలు వేసి, మెలికలు తిరిగి, తనవాళ్లనే గుర్తుపట్టకపోతే మన ఊళ్లలో ముందు గుర్తొచ్చేది గాలి, చేతబడి. తాయెత్తులకీ, ముడుపులకీ వారాలు గడిచిపోతాయి. వెన్ను నుంచి నీరు తీసి యాంటీబాడీలు పరీక్షిస్తే ఇది బయటపడుతుంది. గడ్డ ఉంటే తీసేసి, యాంటీబాడీలను అణిచే చికిత్స చేస్తారు. 577 మంది రోగులను గమనించి 2013లో వెలువడిన అధ్యయనంలో రెండేళ్లకు నూటికి ఎనభైమంది చాలావరకు కోలుకున్నారు. చికిత్స ఎంత ముందు మొదలైతే అంత మేలని కూడా అందులోనే తేలింది.

మందుల షాపులో ఈ గ్రాహకాల పేర్లు ఎవరూ అడగరు గానీ, వాటి మీద పనిచేసే మాత్రలు చాలా ఇళ్లలో ఉన్నాయి. మతిమరుపు పెద్దలకు రాసే మెమాంటిన్ ఎన్‌ఎండీఏ గ్రాహకాన్ని కొంతమేర అడ్డుతుంది. ఆపరేషన్ బల్ల మీద మత్తుకు వాడే కీటమిన్ పట్టుకునేదీ దాన్నే. కీటమిన్ తోబుట్టువును ముక్కులో కొట్టే స్ప్రేగా, మొండి దిగులుకు వాడటానికి 2019లో అమెరికా అనుమతిచ్చింది. ఫిట్స్‌కు వాడే పెరంపానెల్ ఆంపా గ్రాహకాన్ని మూస్తుంది. క్లోబజామ్ రెండో తరగతి సినాప్స్‌ల దగ్గర, ఆపే గ్రాహకాలకు బలమిస్తుంది. అందరికీ తెలిసిన లెవిటిరాసెటామ్ ఒక్కటే ఈ వరసలో ఎడం. దాని పని ఇచ్చే వైపు.

ఆపే వైపు కథలో మన అడవి చెట్టు ఒకటుంది. ముష్టి గింజల విషం స్ట్రిక్నిన్ వెన్నుపాములో గ్లైసిన్ గ్రాహకాలను మూసేస్తుంది. ఆపేవాడు లేక కండరాలన్నీ ఒకేసారి బిగుసుకుని మనిషి విల్లులా వంగిపోతాడు. 1982లో జర్మనీలో హెయిన్రిచ్ బెట్జ్ బృందం ఆ విషాన్నే ఎరగా వేసి గ్రాహకాన్ని బయటికి లాగింది. లాగినప్పుడు దానికి అతుక్కుని ఇంకో ప్రోటీన్ వచ్చింది. గెఫిరిన్ అని పేరు పెట్టారు. దళసరి బిళ్లలో పీఎస్‌డీ-95 చేసే పనే పలుచని బిళ్లలో అది చేస్తుంది.

మాట రాని పిల్లలు

సిన్‌గ్యాప్ అనే ప్రోటీన్‌ను 1998లో రెండు అమెరికా ప్రయోగశాలలు వేరువేరుగా పట్టాయి. పీఎస్‌డీలో ఇది పెద్ద సంఖ్యలో ఉంటుంది. సినాప్స్ తొందరపడి బలపడకుండా నిలవరిస్తుంది. క్యామ్‌కేటూ ఫాస్ఫేట్ అంటించాక నిమిషాల్లో అక్కడి నుంచి జారుకుంటుంది, అప్పుడు ముల్లు పెరిగి ఆంపా గ్రాహకాలు వచ్చి చేరతాయి. 2016లో హాంకాంగ్‌లో మింగ్జియే ఝాంగ్ బృందం శుద్ధి చేసిన సిన్‌గ్యాప్‌ను, పీఎస్‌డీ-95ను ఒక గొట్టంలో కలిపింది. విడివిడిగా రెండూ తేటగా ఉన్న ద్రావణాలే. కలపగానే మసకబారాయి. మైక్రోస్కోపులో చూస్తే చిన్న చిన్న బిందువులు, ఒకదాన్నొకటి తాకి కలిసిపోతున్నాయి. గట్టి బిళ్ల అనుకున్నది లోపల కదలిక ఉన్న ద్రవమా అన్న ప్రశ్న అప్పటినుంచి ఈ రంగాన్ని వదల్లేదు.

సిన్‌గ్యాప్ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి పాడైతే చాలు, ఎదుగుదల దెబ్బతింటుంది. 2009లో మాంట్రియల్ వైద్యులు కారణం తెలియని మేధోవైకల్యం ఉన్న 94 మందిని పరీక్షిస్తే ముగ్గురిలో ఈ తేడా దొరికింది. ఈ పిల్లల్లో మాట ఆలస్యం, ఆటిజం లక్షణాలు, ఫిట్స్ ఎక్కువ. కొందరికి తినేటప్పుడే ఫిట్స్ వస్తాయి. అన్నం ముద్ద నోట్లో పెట్టగానే కనురెప్పలు అదిరి, కళ్లు పైకి తేలేసి ఒక్క క్షణం ఉలుకూ పలుకూ ఉండదు. పేచీ పెడుతున్నాడనో, నిద్రమత్తనో అనుకుంటారు ఇంట్లో.

ఇలాంటి బిడ్డ పుడితే మన ఇళ్లలో వేలు తల్లి వైపే తిరుగుతుంది. గ్రహణం రోజు బయటికొచ్చిందని, మేనరికం చేసుకున్నందుకని, కడుపుతో ఉన్నప్పుడు ఏదో తిన్నదని. మేనరికాల వల్ల వచ్చే జబ్బులు వేరే ఉన్నాయి, వాటిని కాదనడం లేదు. సిన్‌గ్యాప్ తేడా దాదాపు ఎప్పుడూ తల్లిలోనూ ఉండదు, తండ్రిలోనూ ఉండదు. బిడ్డలో కొత్తగా పుడుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదన్న ముక్క డాక్టరు నోట అత్తగారి ఎదుట పడితే, రిపోర్టు కాగితం కన్నా అదే ఎక్కువ పనిచేస్తుందనుకుంటాను.

ఈ జన్యువు పాడైన ఎలుకల్లో ముళ్లు పుట్టిన కొద్ది వారాల్లోనే, వేళ కాని వేళ ముదిరిపోతాయని 2012లో అమెరికాలోని స్క్రిప్స్ సంస్థలో గావిన్ రంబో బృందం చూపింది. ఆ వ్యాసానికి మొదటి రచయిత జేమ్స్ క్లెమెంట్. ఆయన తర్వాత బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత అధ్యయన కేంద్రానికి వచ్చి ఇదే ప్రోటీన్ మీద పని సాగించారు. పెద్దయ్యాక జన్యువు సరిచేసినా ఎలుకల తెలివితేటలు బాగుపడలేదని 2012 వ్యాసం తేల్చింది. తల్లిదండ్రులకు అది పిడుగులాంటి మాట. 2019లో రంబో బృందమే దాన్ని కొంత సవరించింది. పెద్ద ఎలుకల్లో ప్రోటీన్‌ను తిరిగి తెప్పిస్తే జ్ఞాపకం కొంత మెరుగైంది, ఫిట్స్ వచ్చే గుణమూ తగ్గింది. షాంక్ జాతిలోని షాంక్3 జన్యువు పాడైన ఎలుకల్లోనూ ఇలాంటిదే. అవి ఒళ్లు పుండ్లు పడేలా గీరుకుంటూ ఉంటాయి, తోటి ఎలుకల జోలికి పోవు. పెద్దయ్యాక జన్యువును తిరిగి పనిచేయించగానే గీరుకోవడం తగ్గింది, తోటివాటితో కలవడం పెరిగింది. భయం, నడకలో తడబాటు మాత్రం పోలేదని 2016లో గువోపింగ్ ఫెంగ్ బృందం రాసింది. బాగుపడేవి కొన్ని ఏ వయసులోనైనా బాగుపడతాయి, కొన్నిటికి గడువు ఉంది.

పిల్లలకు ఇవేవీ ఇంకా మందులుగా మారలేదు. ఇప్పటికి ఉన్నవి ఫిట్స్ మాత్రలు, స్పీచ్ థెరపీ, ఓపిగ్గా నేర్పించే బళ్లు. ఏ జన్యువులో తేడా ఉందో మాత్రం రక్తం తీసి చేసే ఎక్సోమ్ పరీక్షలో తెలుసుకోవచ్చు, ఆ పరీక్ష మన నగరాల్లోనూ దొరుకుతోంది. రెండేళ్లు నిండినా మాట రాక, అన్నం తినేటప్పుడు కళ్లు తేలేస్తున్న పిల్లవాణ్ని చూసి, వాళ్ల తాతకూ మాట లేటుగానే వచ్చింది, అదే వస్తుందిలే అని ఐదేళ్లదాకా ఆగేకన్నా, ఆ ముద్ద దగ్గరి క్షణాన్ని ఫోన్‌లో వీడియో తీసి పిల్లల న్యూరాలజిస్టుకు చూపించడం నయం.